ఖాలా వదిలిన మడత

గోపాల్‌పేటలో మాకు లంగాలు కుట్టిన దర్జీని అందరం ఖాలా అనేవాళ్లం, ఉర్దూలో పిన్ని అని. ఆమె టేపును మెడలో వేలాడేసుకునేది. కొలిచేది మాత్రం కంటితోనే. ఎదిగే ఆడపిల్లల లంగాలకు అంచు లోపల రెండు వేళ్ల మడత వదిలేది, పొడుగైతే విప్పుకోవచ్చని. నాకూ వదిలేది. అప్పటికి నాకు ముప్పై ఆరేళ్లు.

"జర పెరుగుతవేమో బిడ్డా," అనేది, నవ్వకుండా.

నేను బడిలో సోషల్ టీచర్ని. పదో తరగతి పిల్లలు నా తల మీదుగా బోర్డు చదువుకునేవాళ్లు. ఒకరోజు ఫోన్‌లో దేశదేశాల ఆడవాళ్ల సగటు ఎత్తుల పట్టిక కనబడింది. పైనున్న నెదర్లాండ్స్‌ను చూసీ చూడనట్టు దాటేసి, అడుగున గ్వాటెమాలా దొరికేదాకా జారాను. అది దొరకగానే ఖాలా దగ్గరికి పరుగెత్తాను.

"ఖాలా, గ్వాటెమాలా దేశంల నేను పొట్టిదాన్ని కాదు తెల్సా! అందరి లెక్కనే ఉంట."

ఆమె దారం కొరికి, నన్ను తల నుంచి పాదాల దాకా చూసింది. చూపుకు ఎక్కువసేపు పట్టలేదు.

"గట్లనా? మరి బడి ఈడ పెట్టుకున్నవేంది?"

నాకూ నా కూతురికీ కలిపి ఆమె కుట్టిన ఆఖరి లంగాల్లో నా దానికి మడత లేదు. మరిచిపోయిందేమోనని తీసుకెళ్లి చూపించాను.

"మర్సిపోలే. గది నీ బిడ్డ లంగాకు పెట్టిన. నీకింక సాలు తియ్యి."

ఆమె పోయాక రెడీమేడ్ లంగాలు కొంటున్నాను. అందరికీ ఒకటే పొడుగు. అంచు నేనే మడిచి కుట్టుకుంటాను, నాలుగు వేళ్లు. పెరుగుతానని కాదు.