సగం కంచం

ఎనభైల్లో ఒకసారి చీరాల నుంచి ఒంగోలు వెళ్లే పాసింజరులో నా ఎదుట ఒక బాలింత, ఆమె తల్లి కూర్చున్నారు. బిడ్డ బరువు చాలలేదని ఆసుపత్రిలో చెప్పారట. తల్లి క్యారేజీ విప్పి అన్నం కలిపింది.

"తినవే, పాలు పడాలి."

"కడుపుతో ఉన్నప్పుడు ఇంకో ముద్ద అడిగితే కంచం తీసేశావుగా?"

"బిడ్డ పెరిగితే కాన్పు కష్టమని. నీ మంచికేనే!"

"మరి డాక్టరమ్మ అడిగితే ఆ మాట చెప్పలేదేం? మా పిల్లే మొండిది, తినదండీ అన్నావు."

తల్లి బిడ్డ కోసం చేతులు చాచింది. ఆ అమ్మాయి ఆ చేతుల్ని దాటించి బిడ్డను నాకందించింది.

"కాస్త పట్టుకోండి బాబాయిగారూ, తింటాను."

మిర్చి బస్తాను చేత్తో ఎత్తి తూకం చెప్పేవాణ్ణి నేను. ఆ బిడ్డ బరువు మాత్రం అంచనా కట్టబుద్ధి కాలేదు.