విశాలాక్షిగారి ఆదివారం పిల్లలు

పక్క ఫ్లాటులో ఎవరో మైదా జిగురు ఉడికిస్తున్నారు. పిల్లల స్కూలు ప్రాజెక్టు కోసం కాబోలు. అడుగంటీ అంటని ఆ పిండి వాసన వంటింటి కిటికీలోంచి రాగానే నాకు విశాలాక్షిగారు గుర్తొచ్చారు. దుకాణాల్లో దొరికే గమ్ము సీసాలు ఆవిడ కొననిచ్చేవారు కాదు. ప్రతి ఆదివారం పొద్దున్నే ఇంట్లో జిగురు కాచి, స్టీలు డబ్బాలో పోసుకుని, సత్యనారాయణపురంలో మా కాలనీ కమ్యూనిటీ హాలుకు నడిచి వచ్చేవారు.

ఆవిడ టీచరు కాదు. రైల్వే టికెట్ కౌంటర్లో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాక, ఒకటి నుంచి మూడో తరగతి దాకా చదివే పిల్లల కోసం ఆదివారం క్లబ్బు పెట్టారు. ఆటలు, పాటలు, కాగితం బొమ్మలు, హాలు వెనక మొక్కలకు నీళ్లు పోయడం, అంతే. నేను అప్పుడే డిగ్రీ ముగించి గవర్నర్‌పేటలో ఒక మందుల హోల్‌సేల్ షాపులో కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగంలో చేరాను. అమ్మ పోరు పడలేక క్లబ్బుకు సాయం వెళ్లాను. పిల్లలంటే నాకు ప్రత్యేకమైన ఇష్టమేమీ లేదు. విశాలాక్షిగారికీ ఉన్నట్టు కనిపించేది కాదు. ఎవరినీ ముద్దు చేసేవారు కాదు. కానీ ఏ పిల్లతో మాట్లాడాలన్నా, మోకాళ్ల నొప్పులున్నా సరే, కింద చతికిలబడి మాట్లాడేవారు. పిల్లల ముందు నన్ను "పద్మగారూ, మీరు" అనేవారు. వాళ్లు వెళ్లాక "అమ్మాయ్, నువ్వు" అనేవారు.

మొదటి ఆదివారం ఆ గోలకు తట్టుకోలేక "నోర్మూసుకోండి!" అని అరిచాను.  అందరూ వెళ్లాక ఆవిడ చాపలు చుడుతూ, "కౌంటర్లో నేనూ అరిచేదాన్నే అమ్మాయ్. ఎంత అరిస్తే జనం అంత అరిచేవాళ్లు. ముందున్నవాడితో మెల్లగా మాట్లాడితే, ఏం చెబుతున్నానో వినడానికి వెనకవాళ్లు ఊరుకునేవాళ్లు" అన్నారు. నాకు నమ్మకం కలగలేదు. మరుసటి వారం చేసి చూశాను. పనిచేసింది.

ఆ ఏడాది చలికాలంలో పిల్లల్ని కొండపల్లి తీసుకెళ్లాం. పద్దెనిమిది మంది పిల్లలు, ఒక మినీ బస్సు. తప్పిపోకుండా ఉంటారని ముందు వారమే పసుపు కాగితంతో అందరికీ టోపీలు అతికించాం. బొమ్మలు చెక్కే వీధిలో ఒక ఇంటి అరుగు మీద కూర్చుని, చెక్క ముక్క చిలకయ్యే తీరు చూశారు పిల్లలు. ఆ వీధి పిల్లలతో ఆడుకున్నారు కూడా. తిరుగు ప్రయాణంలో విశాలాక్షిగారు, "పద్మగారూ, అందరూ ఎక్కారేమో చూడండి" అన్నారు. నేను మెట్టు మీద నిలబడి లెక్కపెట్టాను. పద్దెనిమిది. "ఎక్కారండీ" అన్నాను. బస్సు కదిలింది.

ఇబ్రహీంపట్నం చేరేసరికి వెనక సీట్లో ఒక పాప ఏడుపు మొదలుపెట్టింది. "మా అమ్మ దగ్గరికి పోతా" అంటోంది. దగ్గరికెళ్లి చూస్తే, టోపీ కింద నేను ఎప్పుడూ చూడని మొహం. నేను లెక్కపెట్టింది టోపీలను.

విశాలాక్షిగారు ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలవడం మొదలుపెట్టారు. పన్నెండో పేరు హారిక. జవాబు రాలేదు. హారిక రెండో తరగతి పిల్ల. ఆ వీధిలో కొత్తగా స్నేహం చేసిన ఈ పాపకి తన టోపీ ఇచ్చేసింది.

బస్సు వెనక్కి తిప్పించాం. దారంతా విశాలాక్షిగారు ఏడ్చే పాప చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. నా వైపు చూడలేదు. ఆ వీధి మొదట్లోనే పాప తల్లి జుట్టు రేగిపోయి పరిగెత్తుకొచ్చింది. నన్ను తిట్టిన తిట్లన్నీ న్యాయమైనవే. హారిక ఆ అరుగు మీదే ఉంది. బొమ్మలాయన దాని చేతికి కుంచె ఇచ్చి, ఒక చిలకకు రంగు వేయిస్తున్నాడు. "ఏడవబోయిందండీ. ఇది ఆరేలోగా మీవాళ్లు వచ్చేస్తార్లే అన్నాను" అన్నాడు.

హారిక నన్ను చూసి ఏడవలేదు. "అక్కా, నేను లేకుండా బస్సు ఎలా బయల్దేరింది?" అని అడిగింది. దాని చెయ్యి పట్టుకుని బస్సు ఎక్కించాను.

ఆ సాయంత్రమే హాల్లో తల్లిదండ్రులు గుమిగూడారు. హారిక నాన్న, "ఎవరండీ లెక్క చూసింది?" అని గట్టిగా అడిగాడు. నేను లేవబోతుంటే విశాలాక్షిగారు నా భుజం నొక్కి, "క్లబ్బు నాది. పేర్లు పిలిచి చూడాల్సింది నేను, చూడలేదు" అన్నారు. నలుగురైదుగురు తమ పిల్లల్ని ఇక పంపబోమన్నారు. ఆవిడ తల వంచుకుని విన్నారు.

గండం గడిచిందనుకున్నాను. గేటు దగ్గర ఆవిడ నన్ను ఆపారు. "పెద్దవాళ్లకి నేను చెప్పాను. ఆ పిల్లకి నువ్వే చెప్పుకోవాలి."

"దానికి ఏడేళ్లండీ. ఏం అర్థమవుతుంది?"

"వదిలేసి వెళ్లారని అర్థమైంది కదా. ఇదీ అవుతుంది."

మర్నాడు షాపు నుంచి నేరుగా వాళ్లింటికి వెళ్లాను. వాళ్లమ్మ ముభావంగా తలుపు తీసింది. హారిక హోంవర్కు రాసుకుంటోంది. "నేను మొహాలు చూడకుండా టోపీలు లెక్కపెట్టానమ్మా. తప్పు నాది" అన్నాను. ఇరవై రెండేళ్ల దాకా నేను ఎవరి ముందూ అనని మాట అది. హారిక పెన్సిల్ చివర కొరుకుతూ ఆలోచించింది. "టోపీ నేనే ఇచ్చాగా" అంది. "ఇచ్చినా సరే, చూడాల్సింది నేను" అన్నాను. "అయితే ఈసారి పేరు పిలువు. గట్టిగా" అని మళ్లీ రాతలో పడింది. రెండు వారాలకు క్లబ్బుకు తిరిగొచ్చింది. మానేసిన మిగతా పిల్లలు రాలేదు.

విశాలాక్షిగారు పోయి మూడేళ్లు. క్లబ్బు ఇప్పుడు నా చేతుల్లో ఉంది. మొన్నీమధ్య బొమ్మ చింపాడని కౌశిక్ అనే ఒకటో తరగతి పిల్లవాణ్ని కోప్పడ్డాను. తీరా చూస్తే అది ఫ్యాను గాలికి చిరిగింది. పిల్లలందరి ముందూ వాడికి, "తప్పు నాది, నిన్ను ఊరికే తిట్టాను" అని చెప్పాను. కొత్తగా సాయానికొస్తున్న అమ్మాయి తర్వాత అడిగింది, "పిల్లలకి అలా చెబితే చులకనైపోమా మేడం?" అని. ఏమో, అన్నాను. ఇన్నేళ్లయినా ఆ మాట అనడం నాకు తేలిక కాలేదు. అయినా అంటాను.