దిబ్బ కింద

గనుల్లో ప్రమాదాలను ముందే అంచనా వేసే మా సాల్ట్ లేక్ ఆఫీసుకు ఆవిడే పెద్ద. అందరికీ దీదీ. శ్రీకాకుళం నుంచి వచ్చి గార్డెన్ రీచ్ రేవులో క్రేన్ నడిపిన మనిషి కూతురు. బరువు దించే ముందు తండ్రి వేసే కేకనే ఆవిడ ప్రతి గని మ్యాపు ముందూ వేసేవారు.

"కింద ఎవులున్నారు?"

బాల్కనీలో మొక్కలకు నీళ్లు పోయాలన్నా ముందు వంగి కిందికి చూసేవారు. మేం నవ్వుకునేవాళ్లం.

ఒక బొగ్గుగనివాళ్లు గని పక్కనున్న మట్టిదిబ్బను ఇంకా ఎత్తు చేస్తామన్నారు. దీదీ అలవాటుగా అదే అడిగారు.

"ఎవరూ లేరు దీదీ, కూలీల గుడిసెలే" అన్నాడు గని ఇంజనీరు.

"గుడిసెల్లో ఉన్నోలు మనుసులు కారేటి?"

ఆవిడ అనుమతి కాగితం మీద సంతకం పెట్టలేదు. పై ఆఫీసువాళ్లు ఇంకొకరి చేత పెట్టించుకున్నారు.

వానలకు దిబ్బ గుడిసెల మీదికి జారింది. "మీరన్నట్టే అయింది దీదీ" అన్నాడు ఇంజనీరు, తల దించుకుని. ఆవిడ మళ్లీ ఆ గని మ్యాపు ముందు నిలబడ్డారు. ఈసారి కేక వేయలేదు. పక్కనున్న నాకు మాత్రమే వినిపించేలా అడిగారు.

"కింద ఎవులున్నారు?"

నా ఫోన్‌కు వచ్చిన పేర్లు ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టాను.