దూలం కింద కట్టలు

వీధిలో ఆమెను సర్దుడమ్మ అనేవాళ్ళు. మొదట్లో ఎగతాళికి పెట్టిన పేరే గానీ తర్వాత అవసరానికి పనికొచ్చింది. ఎవరింట్లోనైనా అలమర తలుపు తీస్తే సామాను మీద పడుతోందంటే ఆమెకే కబురొచ్చేది. ఆమె ఆస్పత్రిలో, ఉతికిన దుప్పట్లు మడతపెట్టే గదిలో పనిచేసేది. అంచుకు అంచు కలిపి, లోపలి గాలి పోయేలా అరచేత్తో ఒత్తి, మిగతావాళ్ళు రెండరల్లో పెట్టే దుప్పట్లను ఒక్క అరలో పట్టించేది. బరువు కింద బట్ట ఏమవుతుందో ఆమె వేళ్ళకు తెలుసు. చాలాకాలం అడుగున ఉండిపోయిన దుప్పటి మీద పైదాని కుట్టు కూడా అచ్చు పడుతుంది.

కొనడమంటే ఆమెకు గిట్టదు. సర్దుకోవడానికి కొత్త డబ్బాలు కొనేవాళ్ళను చూస్తే నవ్వొచ్చేది. "సామాను ఎక్కువైందని ఇంకాస్త సామాను కొంటారా తల్లీ!" అనేది. తనింట్లో తువ్వాలు చిరిగితే చేతిగుడ్డ అయ్యేది, అది చివికితే నేల తుడిచే గుడ్డ, అదీ అయిపోతే కిటికీ సందులో కూరే పీలిక. దేన్నైనా చివరిదాకా వాడేది. వాడకం తీరిపోయాక మాత్రం ఒక్క పూట ఇంట్లో ఉంచేది కాదు.

ఈ విషయంలో ఆమెకూ మామగారికీ సగమే పొత్తు కుదిరింది. ఆయన ప్రెస్సులో మిషను నడిపేవాడు. అచ్చు తప్పినవి, సిరా ఎక్కువై అలుక్కుపోయినవి, ఏ కాగితాన్నీ పారేయనిచ్చేవాడు కాదు. కట్టలు కట్టి సైకిలు మీద ఇంటికి మోసుకొచ్చేవాడు. వంటింటి అరల్లో పరిచినా, పొయ్యి రాజేసినా, పిల్లలు లెక్కలు చేసుకున్నా అవే కాగితాలు. వాడటం ఆయనకు ఇష్టమే. పేర్చడం ఇంకా ఇష్టం.

ఆమె కాపురానికొచ్చిన కొత్తలో ముందుగదిలో బీరువా మీద అలాంటి కట్టలే కప్పుదాకా ఉండేవి. ఆయన ఊళ్ళో లేని రోజు చూసి వాటిని దించి పాత పేపర్లవాడికి వేసేసింది. తిరిగొచ్చి ఆయన ఆ ఖాళీని చూశాడు. తలెత్తి దూలాన్ని చూశాడు. ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తాడని ఆమె తలుపు చాటున నిలబడింది. "సరేలే" అని మాత్రం అన్నాడు. మర్నాడు తానే నిచ్చెన వేసుకుని ఆ దూలానికి సున్నం పూశాడు. ఆ రోజు నుంచి పోయేదాకా ఆయన మంచం ఆ దూలం కిందే. పగలు కూడా ఇంకెవర్నీ అక్కడ నడుం వాల్చనిచ్చేవాడు కాదు. ముసలాయన చాదస్తం అనుకున్నారంతా.

ఆయన పోయాక మంచాన్ని ఓ మూలకు జరిపారు. వెనకాల సామాన్ల గది మాత్రం ఆయన పెట్టినట్టే ఉండిపోయింది. గది మధ్యలో చెక్క బీరువా, దాని మీద రెండు ట్రంకు పెట్టెలు, వాటి మీద కట్టలు, కట్టల మీద దూలం. బట్టల పిన్ను కూడా దూర్చలేనంత బిగువుగా పేర్చి ఉండేది. ఆ పేర్పు చూసినప్పుడల్లా ఆమెకు లోపల్లోపల ఈర్ష్య కలిగేది.

కూతురు పెద్ద క్లాసుకొచ్చింది. ముందుగదిలో ఒక పక్క నాయనమ్మ రేడియో, ఇంకో పక్క తండ్రి గురక. ఆ పిల్లకు చదువుకోవడానికి గది కావాలి. కొత్తగా గది వేసుకునే స్తోమత లేదు. ఉన్నదాన్ని ఖాళీ చేస్తే సరిపోతుంది.

"ఆ కట్టల జోలికి మాత్రం పోకు" అంది అత్తగారు.

"ఎందుకత్తయ్యా? చెదలు పడుతున్నాయి."

"పడనీ. ఆయన పోయేముందు కూడా అదే మాట అన్నాడు. కట్టలు కదపొద్దు అని."

"ఎందుకో చెప్పారా?"

"ఆయన దేనికి చెప్పాడు గనక దీనికి చెబుతాడు? పెళ్ళిచూపుల నాడే మాట్లాడలేదు. మూగవాడేమోనని మా నాన్న హడలిపోయాడు."

"మనవరాలి కంటే కాగితాలు ఎక్కువా మీకు?"

ఆ మాటకు అత్తగారు అటు తిరిగి కూర్చుంది. రేడియో గొంతు పెంచుకుంది.

ఆదివారం పొద్దున భర్త నిచ్చెన ఎక్కాడు. అతను బస్సుల షెడ్డులో మెకానిక్కు. బిగుసుకున్న నట్లు విప్పడం అతనికి రోజువారీ పని. అయినా పైకట్ట ఊడి రాలేదు. రెండు చేతులా పట్టుకుని లాగాడు. నిచ్చెన కదిలింది తప్ప కట్ట కదల్లేదు.

"నాన్న అటువైపు నుంచి పట్టుకున్నాడే" అన్నాడు నవ్వుతూ.

"వదలమని చెప్పండి. మనవరాలి చదువని చెప్పండి" అంది ఆమె కిందనుంచి.

చివరికి కాగితాలను ఒక్కొక్కటిగా చీల్చి లాగాల్సొచ్చింది. సగం కట్ట అలా తరిగాక మిగతాది జారి అతని చేతుల్లోకొచ్చింది. ఆ వెంటనే కప్పులోంచి ఓ చప్పుడు వినిపించింది. చాలాసేపు బరువు మోసిన మనిషి కూర్చునేటప్పుడు మోకాళ్ళు చేసేలాంటి చప్పుడు. అత్తగారి రేడియోలో ఎవరో పకపకా నవ్వారు.

"పాత ఇల్లు" అన్నాడతను.

సాయంత్రానికి గది ఖాళీ అయింది. బీరువాను గోడవారకు నెట్టారు. ట్రంకులు మంచం కిందికి వెళ్ళాయి. కట్టలన్నీ పాత పేపర్లవాడి బండిమీదికి ఎక్కాయి. "బరువు దిగిందా అక్కా?" అని అడిగాడతను. "దిగింది" అందామె తృప్తిగా.

కూతురి మంచాన్ని ఆమె గది మధ్యలో, దీపం కింద వేసింది. ఆ పిల్లకు నాయనమ్మ పెట్టిన ముద్దుపేరు పిచ్చుక. మంచమెక్కి గెంతి గెంతి గది తనదని చాటుకుంది.

మొదట తలుపు పట్టేసింది. వానలకు చెక్క ఉబ్బిందని ఆమె పైఅంచుకు కొవ్వొత్తి రాసింది. వారం తిరక్కుండా మళ్ళీ పట్టేసింది. ఆమె చిత్రిక పట్టించింది. తర్వాత కిటికీ అద్దానికి ఓ మూల నుంచి ఇంకో మూలకు గీత పడింది. దాని మీద కాగితం అంటించింది. ఆ తర్వాత తలగడ మీద పొడి రాలడం మొదలైంది. సన్నటి పసుపుపచ్చ పొడి. పొద్దున్నే పిచ్చుక జుట్టులో, కనుబొమల మీద కూడా.

"పురుగు తొలుస్తోంది" అన్నాడు భర్త. "మందు కొట్టాలి."

"మందు దేనికి డబ్బు దండగ" అని ఆమె ఆస్పత్రిలో పాతవని పక్కన పెట్టేసిన దుప్పటొకటి అడిగి తెచ్చింది. నాలుగు మూలలా తాళ్ళు కట్టి మంచం పైన పందిరిలా వేసింది. పొడి రాలడం ఆగిపోయింది. చూడ్డానికి కూడా ముచ్చటగా ఉంది. ఆ దుప్పటి వెనక దూలం కనబడకుండా పోయింది.

"అమ్మా, పైన ఎవరో నడుస్తున్నారు" అంది పిచ్చుక ఓ పొద్దున అన్నం తింటూ.

"ఎలకలు."

"ఎలకలకి చెప్పులుంటాయా?"

"నీ బుర్రలో ఉంటాయి. తిను."

అత్తగారు కంచంలోంచి తలెత్తి కోడలి వైపు చూసింది. ఆ చూపే ఆమెకు ఆ రోజంతా గుచ్చుకుంటూనే ఉంది.

పందిరి దుప్పటి నడిమికి దిగుతూ వచ్చింది. పొడి బరువనుకుంది. తనకు సెలవైన రోజు మధ్యాహ్నం, ఉతుకుదామని స్టూలెక్కి తాళ్ళు విప్పింది. దుప్పటి కిందికి వాలిపోయింది. అందులో పొడి గుప్పెడే ఉంది. మిగతావి చెక్క పేళ్ళు, వేలెడంత పొడుగువి.

ఆమె తలెత్తింది.

దూలం మధ్యలో నిలువునా చీలింది. అరచెయ్యి పట్టేంత చీలిక. లోపలి చెక్క కొత్తగా, తెల్లగా ఉంది. అడుగున, ఒకప్పుడు కట్టలు తగిలే చోట, వరసలు వరసలుగా అక్షరాలు కనిపించాయి. అద్దంలో చూసినట్టు తిరగబడిన అక్షరాలు. పైకాగితం సిరా ఏళ్ళ తరబడి ఒత్తుకుని చెక్కలోకి దిగిపోయింది.

అచ్చు దేనివల్ల పడుతుందో ఆమెకు ఒకరు చెప్పాలా? ఊరికే ఆనుకుని ఉంటే పడదు. బరువు మోస్తే పడుతుంది. మామగారు కట్టల్ని దూలందాకా పేర్చలేదు. దూలమే వచ్చి కట్టల మీద కూర్చుంది.

వీధిలో పిచ్చుక గొంతు వినిపించింది. బడి విడిచిపెట్టేశారు. లోపలికొచ్చి సంచీ విసిరేసి, మడమతో తలుపును ఫెడీమని తన్ని మంచం మీదికి దూకడం ఆ పిల్లకు అలవాటు. రోజూ తిట్టేది ఆమె.

"రాకు!" అని అరవబోయి ఆపుకుంది. అరుపంటే కూడా భయమేసింది. స్టూలు మీంచి ఒక కాలు, తర్వాత ఇంకో కాలు దించింది. గుమ్మం దాకా నడిచే లోపు పైన ఓ చప్పుడైంది, అచ్చం చెప్పుకాలితో ఎవరో ఒక్క అడుగు వేసినట్టు. గుమ్మంలోనే కూతుర్ని నడుం దగ్గర పట్టుకుని వెనక్కి తీసుకెళ్ళింది.

"ఏంటమ్మా! నా సంచీ!"

"నోర్మూసుకో" అంది నెమ్మదిగా. ఆ నెమ్మదికి పిచ్చుక నిజంగానే నోరు మూసుకుంది.

కబురందుకుని భర్త షెడ్డులోంచి బస్సుల జాకీ, ఓ మొద్దుతో వచ్చాడు. కప్పు చూసి చెమట తుడుచుకున్నాడు. మొద్దును బిగించే ముందు, "పైన మెత్తగా ఏదైనా పెట్టాలి. ఇనుము గుచ్చుకుంటే ఇంకా చీలుతుంది. కాగితాలుంటే తే" అన్నాడు.

ఆమె పాత పేపర్లవాడి దగ్గరికి పరిగెత్తింది. "అవెప్పుడో మిల్లుకి పోయాయక్కా. ఈపాటికి ఉడికి ముద్దైపోయుంటాయి" అన్నాడతను. "బరువు దిగిందన్నావుగా, మళ్ళీ కావాలా?"

ఇంటికొచ్చి వంటింట్లో అరలన్నీ దులిపేసింది. డబ్బాలు, గిన్నెలు నేల మీద గుట్టపడ్డాయి. అరల్లో పరిచిన మామగారి కాగితాలు, జిడ్డువీ, అంచులు చివికినవీ, ఒక్కొక్కటే పీకి మడతలు పెట్టింది. అంచుకు అంచు, గాలి పోయేలా. ఆస్పత్రిలో ఏ దుప్పటినీ అంత శ్రద్ధగా మడవలేదు. అతను వాటిని మొద్దు మీద పెట్టి జాకీ తిప్పాడు. దూలం కిందికి రాలేదు, పైకీ పోలేదు. ఉన్నచోటే మూలిగింది.

"రేపు మేస్త్రిని తీసుకొస్తాను" అన్నాడు. "ఈ రాత్రికి అందరం ముందుగదిలోనే."

పిచ్చుక మంచం తెచ్చి వేశారు. ముందుగదిలో ఖాళీ ఉన్నది ఒక్కచోటే. బీరువా పక్కన, ఒకప్పుడు మామగారి మంచం ఉండే చోటు.

అత్తగారు గోడకానుకుని కూర్చుని ఉంది. "ఇక్కడ నన్ను కూడా పడుకోనిచ్చేవాడు కాదు" అంది, తనలో తాను అనుకుంటున్నట్టు. "ఎండాకాలం గాలాడక చస్తున్నా సరే. నువ్వటు పో, నువ్వటు పో అని ఒకటే నస."

దుప్పటి పరుస్తున్న ఆమె చేతులు ఆగిపోయాయి.

పైన దూలం తెల్లగా ఉంది. ఇంట్లో ఇంకే దూలానికీ లేని తెలుపు. ఆమె స్టూలు తెచ్చుకుంది, గుడ్డ తడుపుకుంది. "ఏం చేస్తున్నావే?" అన్నాడు భర్త. ఆమె ఎక్కి దూలం అడుగున తుడిచింది. తడికి సున్నం కరిగి మోచేతి మీదుగా కారింది. మళ్ళీ తుడిచింది.

ముందు ఒక అక్షరం తేలింది. తర్వాత వరస. తిరగబడిన అక్షరాలు, ఇక్కడివి ఇంకా నల్లగా ఉన్నాయి. వాటి మధ్యనుంచి వెంట్రుక లావు చీలిక ఒకటి, గోడదాకా వెళ్ళింది.

ఆయన ఎందుకు అరవలేదో, ఎందుకు సున్నం పూశాడో, అన్నేళ్ళూ ఒక్కడే ఎందుకు దాని కింద పడుకున్నాడో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఆమె స్టూలు దిగింది. చప్పుడు కాకుండా.

"మంచాలు బయటికి తీయండి" అంది.

"బయటికంటే?"

"వీధిలోకి. అత్తయ్యని ముందు తీసుకెళ్ళండి. ఎవరూ గట్టిగా నడవకండి."

వెలుగు తగ్గుతున్న వీధిలో మంచాలు, ట్రంకులు, రేడియో, వంటింటి గిన్నెలు ఒక్కొక్కటే గుమ్మం దాటాయి. పిచ్చుక నాయనమ్మ వేలు పట్టుకుని నిలబడింది. ఎదురింటి ఆవిడ మెట్ల మీద కూర్చుని చూస్తోంది.

"ఏమ్మా సర్దుడమ్మా! ఈసారి ఇంటికిల్లే ఖాళీ చేస్తున్నావా?" అని నవ్వింది.

ఆమె తలుపు మూయకుండానే ఆఖరున బయటికొచ్చి, కూతురి భుజం మీద చెయ్యి వేసి, చీకటి పడుతున్న ముందుగది వైపు చెవిపెట్టి నిలబడింది.