నేను చెక్కించేసిన పట్టీ

1976 వేసవి. విజయవాడలో నేను రంగుల మేస్త్రీగా సొంతంగా పనులు ఒప్పుకోవడం మొదలుపెట్టి ఆరేళ్ళయింది. అంతకుముందు మా ఊళ్ళో ఇళ్ళకు ఏడాదికోసారి సున్నం కొట్టించడమే అలవాటు. ఆ రోజుల్లో డిస్టెంపర్ మోజు పాకింది. సున్నపు గోడకు ఆనుకుంటే చొక్కా తెల్లబడుతుంది, డిస్టెంపర్ గోడకు ఆ బాధ లేదు. అయితే దాన్ని పాత సున్నం మీద పూస్తే తొలి వానకే పొలుసులుగా రాలిపోతుంది. ముందు సున్నం పొరలన్నీ గీకెయ్యాలి. గుంటల్ని లప్పంతో, అంటే మెత్తటి ముద్దతో, పూడ్చాలి. ఉప్పుకాగితంతో రుద్దాలి. ప్రైమర్ అనే తొలి పూత వేసి, ఆరాక రంగు వెయ్యాలి. చాలామంది గీకుడు దగ్గరే తప్పించుకునేవారు. నేను తప్పించుకోలేదు. నా గోడ మీద చెయ్యి వేస్తే అద్దం మీద వేసినట్టుండేది. ఆ పేరు నాకుంది, దానికి తగ్గ గర్వమూ ఉంది.

ఆ ఏప్రిల్లో పటమటలో ఒక పాత డాబా ఇంటి పని వచ్చింది. కొన్నావిడ రత్నకుమారి గారు, మిషన్ ఆసుపత్రిలో నర్సు. పెళ్ళి చేసుకోలేదు. ముప్పై ఏళ్ళు తండ్రితో కలిసి ఆసుపత్రి క్వార్టర్లోనే ఉన్నారు. జూన్‌లో రిటైరవుతున్నారు, క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. ఈ ఇల్లు ఒక రైతు కుటుంబం దగ్గర కొన్నారు. ఈ వయసులో ఆ తండ్రీ కూతుళ్ళు ఒకే ఇంట్లో ఉండగలరా లేదా అన్నది నా పని మీద ఆధారపడి ఉందని నాకు తెలియదు. తెలుసుకునే ప్రయత్నం కూడా చెయ్యలేదు.

ఆవిడ డ్యూటీకి వెళ్తూ పావుగంట ఆగి, గదులన్నీ తిప్పి చూపించారు.

"గోడలు ఉన్నవి ఉన్నట్టే ఉంచండి మేస్త్రీ గారూ. సున్నం తీసేసి చేతికి అంటని రంగు వెయ్యండి, చాలు. ఇంకేమీ కదపొద్దు."

"అలాగేనండీ సిస్టర్ గారూ" అన్నాను. అన్నానే గాని వినలేదు. ఆడవాళ్ళు ఖర్చుకు భయపడి అలా అంటారనీ, పని పూర్తయ్యాక చూసి మురిసిపోతారనీ నా లెక్క. ఆ రోజుల్లో ఏ ఇంటికి వెళ్ళినా ఆడవాళ్ళు చెప్పింది తలూపి విని, మగవాళ్ళు చెప్పింది చేసేవాణ్ణి.

ఆ ఇంటి గోడలకు నడుమెత్తున, రెండంగుళాల వెడల్పున, బయటికి పొడుచుకొచ్చిన సున్నపు గార పట్టీ ఒకటి ఉండేది. వీధి వసారాలో మొదలై, హాల్లోంచి, వంటింటి పక్కగా, పెరటి గుమ్మం దాకా. పాతకాలం వాళ్ళు దాని కింద ముదురు రంగు, పైన లేత రంగు వేసేవారు. డిస్టెంపర్ వేసేవాడికి అదొక అడ్డు. పైగా పాత ఫ్యాషను.

ఆదివారం సిస్టర్ గారి తమ్ముడు డేవిడ్ మైలవరం నుంచి బస్సులో వచ్చాడు. ఆయన అక్కడ గుమాస్తా. పట్టీ సంగతి ఆయన్ని అడిగాను.

"అదెందుకండీ, ముసలి ఇల్లులాగా? మీకు తోచినట్టు చెయ్యండి. కొత్తింట్లోకి వచ్చినట్టుండాలి" అన్నాడు.

నాకు కావలసిన మాట దొరికింది. తాపీ మేస్త్రీ వీరయ్యను పిలిచి చెక్కెయ్యమన్నాను. వీరయ్య ఉలితో పట్టీని రెండుసార్లు తట్టి చూశాడు.

"రాయిలాగుందయ్యా ఇది. ఓసారి ఆ సిస్టరమ్మ గారినడక్కూడదా?"

"నువ్వు తాపీ చూసుకో. ఇంటి అందం నేను చూసుకుంటాను."

"అట్టాగే. అందగాడివి నువ్వేగా" అని సుత్తి ఎత్తాడు.

రెండు రోజులు పట్టింది చెక్కడానికి. ఆ గాట్లకు లప్పం పట్టి, మూడుసార్లు రుద్ది, లేత చిలకాకుపచ్చ డిస్టెంపర్ రెండు పూతలు వేశాను. వసారాలోంచి పెరడు దాకా గోడ ఒక్క మడత లేని పట్టుచీరలా వచ్చింది. నా పనితనంలో అంత మంచి గోడ అంతకుముందు లేదు.

మే మొదటి ఆదివారం పాస్టరు గారితో ఇంటి ప్రార్థన పెట్టుకున్నారు. దానికి ముందు బుధవారం సాయంత్రం, పని మొదలయ్యాక తొలిసారి, సిస్టర్ గారు తండ్రిని రిక్షాలో తీసుకొచ్చారు. పేరు యోహాను గారు. ఎనభై దాటిన మనిషి, ఎముకల గూడులా ఉన్నా నిటారుగా ఉన్నారు. వయసులో బందరు కాలువ గట్టున తాడుతో పడవలు లాగిన ఒళ్ళు. నీటికాసులు వచ్చి చూపు పూర్తిగా పోయిందని ఆయన గుమ్మం ఎక్కాక గాని నాకు తెలియలేదు.

ఆయన కూతురి చెయ్యి వదిలేసి, నవ్వుతూ, ఎడమ చెయ్యి గోడ మీద నడుమెత్తున పెట్టారు. చెయ్యి పైకి వెళ్ళింది, కిందికి వచ్చింది, మళ్ళీ పైకి వెళ్ళింది. నాలుగడుగులు వేసి ఆగిపోయారు.

"అమ్మాయ్, పొరపాటున ఎవరింటికో తెచ్చావు నన్ను."

"మనిల్లే నాన్నా."

"కాదమ్మా. మనింటికి పట్టీ ఉంది."

సిస్టర్ గారు అప్పుడు గోడ వైపు చూశారు, తర్వాత నా వైపు. ఆవిడ గొంతు పెంచలేదు.

"ఏడిళ్ళు చూశాను మేస్త్రీ గారూ. ఈ ఇంట్లో మాత్రం నాన్న ఆ పట్టీ పట్టుకుని, నేను చెప్పకుండానే పెరటి గుమ్మం దాకా వెళ్ళారు. 'ఈ ఇల్లే నన్ను నడిపిస్తందమ్మా' అన్నారు. అందుకే కొన్నాను. ఏమీ కదపొద్దని చెప్పానా, లేదా?"

"తమ్ముడు గారిని అడిగానండీ..."

"తమ్ముడు ఇక్కడ ఉండడు."

అక్కడైనా తల వంచుకుని ఉంటే సరిపోయేది. నేను అబద్ధమాడాను. "పట్టీ పుచ్చిపోయిందండీ, ముట్టుకుంటే రాలిపోతోంది. ఉంచితే మీకే ఇబ్బందని తీయించాను" అన్నాను. వీరయ్య పక్కనే ఉన్నాడు. నేల చూస్తూ నిలబడ్డాడు.

యోహాను గారు నా గొంతు వచ్చిన వైపు తిరిగారు. "నేను పట్టుకున్న రోజున గట్టిగానే ఉందే. రెండు నెలల్లో పుచ్చిందా బాబూ?" అన్నారు. ఎగతాళిగా అనలేదు, మామూలుగా అడిగారు.

ఆయన కూతురితో అన్నారు: "నన్ను తమ్ముడి దగ్గరికి పంపెయ్యమ్మా. మైలవరంలో అయితే ఒక్క గదే. మంచం మీంచి లేవక్కర్లేదు. ఇక్కడ నీళ్ళ కోసం కూడా నిన్ను కేకెయ్యాలి. ఇంతకాలం ఒకళ్ళని కేకేసి ఎరగను."

ఆవిడ రిక్షా ఎక్కేటప్పుడు కళ్ళు తుడుచుకోవడం చూశాను.

మర్నాడు పొద్దున్నే క్వార్టర్‌కు వెళ్ళాను. యోహాను గారు అరుగు మీద కూర్చుని ఉన్నారు.

"తాతగారూ, పట్టీ పుచ్చలేదండీ. బాగానే ఉంది. నేనే నా గొప్పకు చెక్కించాను. అబద్ధం చెప్పాను."

"తెలుసయ్యా. చెప్తావా, చెప్పవా అని చూస్తన్నా" అన్నారు. "ఇప్పుడేం చేద్దామని?" అని అడిగారు.

"మళ్ళీ కడతానండీ. మీరు వచ్చి ఎత్తు చెప్పాలి."

రంగు వేసిన గోడ మీద సిమెంటుకు పట్టు దొరకదు. పట్టీ పోయాలంటే రంగు, లప్పం, ప్రైమర్ అన్నీ ఇటుక దాకా గాడిలా చెక్కాలి. ఆ పట్టుచీరలాంటి గోడను నేనే అడ్డంగా చీల్చాలి. వీరయ్య ఉలి అందుకోబోతే ఇవ్వలేదు. అది నేను చెయ్యవలసిన పని.

అంతకుముందు యోహాను గారిని గోడ వెంట నడవమన్నాను. ఆయన చెయ్యి ఆనిన చోటల్లా బొగ్గుతో గుర్తు పెట్టుకుంటూ పోయాను. వీరయ్య నీళ్ళ గొట్టంతో మట్టం చూసి తల గీరుకున్నాడు.

"గీత వంకరొస్తందయ్యా. వంటింటి దగ్గర అంగుళమున్నర దిగింది."

చూస్తే అక్కడ నేల దిగి ఉంది. ఆయన చెయ్యి నేలతోపాటే దిగింది. అప్పటిదాకా మట్టం తప్పిన గీత నా చేతి మీదుగా రాలేదు.

"చెయ్యి ఎటు పోతే పట్టీ అటే పొయ్యి" అన్నాను.

పెరటి గుమ్మం దగ్గర యోహాను గారు ఆగారు. "ఇక్కడ మెట్టుందిగా?"

"ఉందండీ, ఒక్కటే."

"ఇల్లు చూడ్డానికొచ్చినప్పుడు ఇక్కడ మాత్రం అమ్మాయి చెయ్యి పట్టుకుంది. మెట్టుకు జానెడు ముందర పట్టీ మీద చిన్న బొడిపె పెడతావా? అది తగిలితే కాలు దించాలని తెలుసుద్ది."

బొడిపె పెట్టాం. గురువారం పగలూ రాత్రీ గాడి, శుక్రవారం సిమెంటు. శనివారం అంతా తడుపుతూనే ఉన్నాం. రంగు వెయ్యడానికి వ్యవధి లేదు. ఆదివారం ప్రార్థనకు వచ్చినవాళ్ళకు చిలకాకుపచ్చ గోడ మధ్యన బూడిదరంగు చార కనిపించింది. డేవిడ్ నా దగ్గరికి వచ్చి, "ఇదేంటండీ, గోడ పాడుచేశారు?" అన్నాడు. చెప్పబోతుంటే సిస్టర్ గారే, "ఊరుకోరా, అది నాన్న దారి" అన్నారు.

పాస్టరు గారి ప్రార్థన అయ్యాక అందరూ ఫలహారాల మీద ఉండగా యోహాను గారు కుర్చీలోంచి లేచారు. సిస్టర్ గారు లేవబోయి, మళ్ళీ కూర్చున్నారు. ఆయన చెయ్యి పట్టీ మీద ఆనించి హాలు దాటారు, వంటిల్లు దాటారు. బొడిపె దగ్గర చెయ్యి ఆగింది. కాలు దించారు. పెరట్లోకి వెళ్ళి, తొట్టిలో చెంబు ముంచుకుని, చేతులు కడుక్కుని, అదే దారిన తిరిగొచ్చారు. కూతురి పక్కన కూర్చుని, "మైలవరం మాట మర్చిపో" అన్నారు.

నేను దగ్గరికి వెళ్ళి, ఎలా ఉందండీ అని అడిగాను.

"పాతది నున్నగా ఉండేదయ్యా. ఇది గరుకు" అన్నారు. "ఫర్వాలేదులే. రోజూ తిరుగుతుంటే నా చేతికే అరుగుద్ది."

ఆ తర్వాత చాలా ఏళ్ళు ఈ పని చేశాను, మంచి పేరుతోనే చేశాను. ఇవాళ్టికీ గోడ పనిలో నాకు వంక పెట్టేవాళ్ళు ఈ ఊళ్ళో తక్కువ. కానీ పటమట ఇంటి తర్వాత కొత్త పని ఒప్పుకున్నప్పుడల్లా మొదటి రోజు కుంచె ముట్టలేదు. ఆ ఇంట్లో ఎవరెవరు ఉండబోతున్నారో అందరినీ పేరుపేరునా అడిగి, ఇంటావిడతో గదులన్నీ తిరిగేవాణ్ణి. ఏది కదపొద్దంటే దాన్ని కదపలేదు. ఎందుకని కూడా అడిగేవాణ్ణి. చెప్పిన కారణాలు ఒక్కోసారి నాకు అర్థమయ్యేవి కావు. అయినా వాటి జోలికి పోలేదు. నేను గోడను చూస్తాను, వాళ్ళు ఆ గోడల మధ్య బతుకుతారు.