యానాం సీసా

మాకవరపాలెంలో తాతబ్బాయి గారింట అమ్మవారి పండగకి మందు తేవడం పెద్దల్లుడి వంతు. నర్సీపట్నంలో ఆటో నడుపుకునే లోవరాజుకి ఏడాదంతా దక్కని గౌరవం ఆ ఒక్క పూట దక్కేది. మొదటి గ్లాసు పోసి మామగారి చేతికిచ్చేది అతనే మరి.

చిన్నల్లుడు ధర్మతేజ వచ్చి ఆ ముచ్చట కాస్తా ఊడబెరికాడు. వాడి ఉద్యోగం యానాంలో. యానాం పుదుచ్చేరి కింద ఉంది కాబట్టి అక్కడ మందు మీద పన్ను తక్కువ. ఇక్కడ లోవరాజు ఒక సీసా కొనే డబ్బుకి వాడు అక్కడ రెండు కొంటాడు, అదీ మేలురకం. కిందటేడు లోవరాజు తెచ్చిన సీసా మూతైనా తియ్యలేదు.

"అదటుంచండి బాబూ, సిన్నోడు తెచ్చింది బాగుంది," అన్నాడు తాతబ్బాయి మూతి తుడుచుకుంటూ.

లోవరాజుకి ఒళ్లు మండిపోయింది. వాడి గొప్పేముంది ఇందులో? అక్కడి సర్కారు పన్ను తగ్గిస్తే ఇక్కడ వీడికి పేరా!

ఈ ఏడు చిన్న కూతురినీ అల్లుణ్ణీ పండక్కి తీసుకురావడానికి తాతబ్బాయి తానే యానాం వెళ్లాడు. పెద్దల్లుడికి మాత్రం ఫోనులో పిలుపు! దాంతో లోవరాజు కడుపు మరీ ఉడికింది. వాళ్లెక్కే బస్సేదో అత్తగారిని అడిగి తెలుసుకున్నాడు. అక్కడి మందు ఇలా తేవడం నేరమని ఆటో స్టాండులో అందరికీ తెలుసు. ఎక్సైజు వాళ్లకి ఫోను చేసి, పేరు చెప్పకుండా, ధర్మతేజ ఎప్పుడూ తెచ్చే ఎర్ర బ్యాగు ఆనవాలు చెప్పేశాడు. తర్వాత హాయిగా టీ తాగాడు.

మధ్యాహ్నం మామగారి ఫోను వచ్చింది.

"బాబూ, తుని కాడ నన్ను బస్సు దింపీసేరు. సిన్నోడికి సెలవు దొరకనేదు. అమ్మాయీ తనూ రేపొస్తామని బ్యాగు నా సేతికిచ్చేడు. ఎవుడో కడుపుమంటగాడు ముందే సెప్పీసేడంట. సిన్నోడి పేరు సెప్తే ఉజ్జోగం పోద్దని బ్యాగు నాదేనన్నాను. కేసు రాస్తన్నారు."

"ఆడికి ఫోను సెయ్యనేదా మావయ్యా?"

"ఆడెందుకు బాబూ, కుర్రోడు, బెదిరిపోతాడు. ఇలాటప్పుడు పెద్దల్లుడే గదా నాకు దిక్కు. బేగి రండి."

ఆ మాట కోసమే ఇన్నాళ్లూ కుళ్లి చచ్చాడు లోవరాజు. తీరా విన్నాక ఫోను చెవి దగ్గర ఉంచుకోలేకపోయాడు.