సుర్మాకడ్డీ తిరిగిన గల్లీ

ఇబ్రహీం కుడి కన్ను అతని పనిముట్టు. పెళ్ళికి ముందు నుంచీ ఆ కంటికి నల్లటి భూతద్దం బిగించుకుని, ఎడమ కన్ను మూసుకుని, గడియారాల కడుపులోకి చూస్తూ బతికాడు. మూసి మూసి ఎడమ వైపు ముఖమంతా ముడతలు పడింది. కుడి చెంప మాత్రం ఇంకా నున్నగానే ఉంది. అయిజ బస్టాండు పక్కన అతని డబ్బా కొట్టు ముందు నిలబడితే, ఒకే మనిషి రెండు వయసులతో కనిపించేవాడు.

నా చేతి గడియారం కీ ఇచ్చే రకం. నాలాగే తిరిగి తిరిగి ఏదో ఒక ఊళ్ళో మొరాయిస్తుంది. కర్నూలులో చూపిస్తే, దీన్ని పారేసి సెల్లుఫోను కొనుక్కో తాతా అన్నారు. ఇబ్రహీం ఆ మాట అనడు. అందుకే అటువైపు వెళ్ళినప్పుడల్లా అయిజలో దిగేవాణ్ణి. సెల్లుఫోన్లు వచ్చి అతని గిరాకీని సగం తినేశాయి. మిగిలినవి నాలాంటి ముసలివాళ్ళ గడియారాలు, పాత ఇళ్ళలో గంటలు కొట్టే గోడ గడియారాలు. ఆ కన్ను పోతే అవీ లేవు. ఇంకో పని అతనికి రాదు.

అతని భార్య కుల్సుమ్‌బీ ఎవరికీ దేన్నీ లేదనని మనిషి. ఉప్పడిగినా, ఊరగాయడిగినా, పిల్లను కాసేపు చూడమన్నా సరే. ఈ గుణాన్ని పుస్తకాల్లో తెగ మెచ్చుకుంటారు. ఒక ఏటి వానకాలంలో నేను దాన్ని దగ్గరనుంచి చూశాను.

ఆమె దగ్గర తల్లి ఇచ్చిన ఇత్తడి సుర్మాదాని ఉంది, నెమలి ఆకారంలో ఉన్న కాటుక భరిణె. నెమలి తల తిప్పి లాగితే దానికి అతికిన సన్నటి కడ్డీ బయటికి వస్తుంది. ఈజిప్టు సమాధుల్లో ఇలాంటి కాటుక కడ్డీలు దొరికాయని ఎక్కడో చదివాను. మన పాత వైద్యులు కూడా కంటికి మందు పెట్టే పుల్ల ఏ లోహంతో చెయ్యాలో, ఎంత నునుపుగా ఉండాలో విడమరిచి చెప్పారు. ఒకరి కంట్లో తిప్పింది ఇంకొకరి కంట్లో తిప్పవద్దని చెప్పారో లేదో గుర్తులేదు. చెప్పి ఉన్నా ఆ గల్లీలో వినేవాళ్ళెవరు?

సర్కారు దవాఖానలో ఎప్పుడో ఇచ్చిన కంటి మలాం ట్యూబును కుల్సుమ్‌బీ ఆ నెమలి కడుపులోకి పిండేసింది. ట్యూబుతో పెడితే మందు ఎక్కువ వచ్చి వృథా పోతుందట. కడ్డీతో అయితే గల్లీ మొత్తానికి సరిపోతుందట. అడుగున ఉన్న సుర్మాతో కలిసి అది బూడిదరంగు జిగురైంది.

కండ్లకలక వచ్చింది. పొద్దున్నే గల్లీ ఆడవాళ్ళు, పిల్లలు ఆమె గడప ముందు చేరారు. రెప్పలు పచ్చటి పుసితో అంటుకుపోయి ఉన్నాయి. పుసి మీద ఈగలు. ఈగలు తోలిన చేత్తోనే కళ్ళు నులుముకోవడం. పక్కింటి సుగుణమ్మ అందరికంటే ముందు కూర్చుంది. కుల్సుమ్‌బీ కడ్డీని ఆమె కింది రెప్పలో ఈ మూల నుంచి ఆ మూలకు తిప్పి తీసింది. పుసి తీగలా సాగింది. కడ్డీని కొంగుకు తుడిచి, మళ్ళీ నెమలిలో ముంచి, పక్కనున్న పిల్ల కంట్లో పెట్టింది. గడియారం ఇద్దామని పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళిన నేను, తాగుతున్న చాయ్ అక్కడే దించేశాను.

“ఏందమ్మా ఇది? ఒకరి కంట్ల పుసి తీసి ఇంకొకరికి పెడ్తున్నవు!” అన్నాను.

“గట్లంటరేంది సాబ్? మందుల ముంచుతున్న కద. మందుకు మురికి అంటుతదా?”

సుగుణమ్మ కళ్ళు మూసుకునే నవ్వింది. “సారుకు గడియారం ఆగినా పరేషానే, మా కండ్లు కారినా పరేషానే. జర నువ్వు గూడ పెట్టిచ్చుకో సారూ, సల్లగుంటది.”

అప్పుడే ఇబ్రహీం కొట్టుకు బయలుదేరాడు. అతని కళ్ళు తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి.

“ఆగు, నీకు గూడ పెడ్త. ముందుగాలనే పెడితే రోగం దగ్గరికి రాదు” అందామె. అతను వద్దనలేదు. వంగి, మొదట కుడి కన్నే చూపించాడు, అది ముఖ్యమైనది కాబట్టి.

నేను బీచుపల్లి వెళ్ళి, అటూ ఇటూ తిరిగి మళ్ళీ అయిజకు వచ్చేసరికి ఆ కన్ను చింతనిప్పులా ఉంది. సుగుణమ్మ కూడా దయగల మనిషే. వాళ్ళక్క పార్వతమ్మ ఎండాకాలంలో శుక్లాల ఆపరేషన్ చేయించుకుంటే మిగిలిన చుక్కల సీసా తెచ్చి ఇచ్చింది. వేసుకున్న మరునాటికే ఎరుపు తగ్గింది. గల్లీ అంతా సుగుణమ్మను మెచ్చుకుంది. ఆ తర్వాత నల్లగుడ్డు మీద తెల్లటి చుక్క లేచింది. వెలుతురు చూస్తే సూది దిగినట్టు నొప్పి. భూతద్దం పెట్టుకుంటే అది కన్నీళ్ళతో నిండిపోయేది.

గద్వాల దవాఖానకు బస్సులో నేనూ వెంట వెళ్ళాను. తాను ఎంత బాగా చూసుకుందో చూపించడానికి కుల్సుమ్‌బీ నెమలినీ, సుగుణమ్మ ఇచ్చిన చుక్కల సీసానూ సంచీలో పెట్టుకుని వచ్చింది. కంటి డాక్టరమ్మ దాని తల తిప్పి, వాసన చూసి, ముఖం పక్కకు తిప్పుకుంది.

“ఏందిది?”

“మందే డాక్టరమ్మా. మీ సర్కారు మందే.”

“మందా ఇది? మీ గల్లీ అందరి పుసి!” డాక్టరమ్మ సీసా వైపు తిరిగింది. “ఇది ఎవరిచ్చిన్రు? దీంట్ల ఎరుపును అణిచే మందు కూడ కలిపి ఉంటది. ఆపరేషన్ అయినోళ్ళకు మేము సూసుకుంట ఇస్తం. పురుగు పట్టిన కంట్ల పోస్తే ఎరుపు పోతది, పురుగు లోపల తింటనే ఉంటది.”

“బాగైతుందనుకున్నం...” అంది కుల్సుమ్‌బీ.

“ఇను. ఒకరి మందు ఒకరికే, నీ మొగుడికైనా సరే. చేతులు సబ్బుతోని కడుక్కొని, కింది రెప్ప గుంజి అండ్ల చుక్క వెయ్యాలె. సీసా మూతి కంటికి గాని వేలికి గాని తగలొద్దు. జరసేపు ఆగి మలాం పెట్టు. తక్కువైందని నడుమ ఆపొద్దు. మూత తీసినంక నెల దాటితే పారెయ్యి. మిగిలింది దాసిపెట్టొద్దు, ఎవరికీ ఇయ్యొద్దు.”

ఇబ్రహీం మెల్లగా అడిగాడు. “డాక్టరమ్మా, స్క్రూ కనబడ్తదా?”

“ఏం స్క్రూ?”

అతను రెండు వేళ్ళు దగ్గరకు తెచ్చి చూపించాడు. వాటి మధ్య సందు కూడా లేదు. డాక్టరమ్మ మందుల చీటీ అతని చేతిలో పెట్టింది. “ముందు కన్ను మిగలనీ” అంది.

కన్ను మిగిలింది. కుల్సుమ్‌బీ చెప్పినట్టే చేసింది, మిగిలిన ట్యూబు పారెయ్యడం తప్ప. గల్లీలో అందరి కళ్ళూ జంకు లేకుండా గెలికిన ఆ చేతిని, మొగుడి కంటి మీద సీసా పట్టుకునే ముందు మాత్రం రెండుసార్లు సబ్బుతో కడుక్కునేది. కానీ మచ్చ పోలేదు. బస్సు మీద ఊరి పేరు చదవగలడు, స్క్రూ మాత్రం పొగలో పడ్డట్టుంటుంది. భూతద్దం ఎడమ కంటికి మార్చుకున్నాడు. అన్నేళ్ళు మూసి ఉంచిన ఆ కన్ను పని నేర్చుకోలేదు. మరుసటి ఏడు వెళితే నా గడియారం అలాగే తిరిగి ఇచ్చాడు.

“నాతోని గాదు సాబ్. రాయచూర్ల సూపియ్యండ్రి.”

అప్పుడతను ఇంటి గడపలోనే కూర్చుని, పెద్ద పళ్ళచక్రాలు కాబట్టి ఇంకా చేతనయ్యే ఒక గోడ గడియారం బాగు చేస్తున్నాడు. మళ్ళీ వానలు, మళ్ళీ కండ్లకలక. సుగుణమ్మ ఒక కన్ను మూసుకుని వచ్చింది.

“కుల్సుమక్కా, జర నెమలి తియ్యి.”

“ఆ కడ్డీ దీంట్ల ఉంది, సూడు” అన్నాడు ఇబ్రహీం గడియారం తలుపు తీసి. నెమలి తల నుంచి కోసిన కడ్డీని గంట కొట్టే సుత్తికి కాడగా అతికాడు.

“అయ్యో! పోనీ, భాయ్‌కిచ్చిన ట్యూబన్న మిగిలుంటది కద?”

కుల్సుమ్‌బీ లోపలికి వెళ్ళి ట్యూబు తెచ్చింది. సుగుణమ్మ చెయ్యి చాచింది. కుల్సుమ్‌బీ దాన్ని గడప పక్క మురుగు మోరీ మీద పట్టుకుని అడుగు దాకా పిండేసింది.

“లేదు” అంది.

ఆమె నోట ఆ మాట నేను వినడం అదే మొదలు.

“గింత మందు మోరీ పాలు చేస్తవా? ఇయ్య మనసు లేదను!” సుగుణమ్మ తిట్టుకుంటూ బస్టాండు వైపు నడిచింది. కుల్సుమ్‌బీ చెప్పులు కూడా వేసుకోకుండా వెంటపడింది. నేను వెళ్ళేసరికి ఇద్దరూ మందుల దుకాణం ముందున్నారు.

“మా పార్వతమ్మక్కకు ఇచ్చిన్రు సూడు, ఆపరేషన్ చుక్కలు, అవే ఇయ్యి” అంటోంది సుగుణమ్మ.

“ముందుగాల దాని కన్ను సూడు! దవాఖానకు పొమ్మను! నా ఇంటాయన కన్ను గట్లనే పోయింది!” కుల్సుమ్‌బీ అరుపుకు బస్సులో వాళ్ళు కూడా కిటికీల్లోంచి తొంగిచూశారు.

దుకాణాయన పళ్ళలో పుల్ల అటునుంచి ఇటు మార్చుకుని, సుగుణమ్మ కంటి వైపు చూడనైనా చూడకుండా, ఆమె అడిగిన చుక్కల సీసానే కవర్లో వేశాడు.